కాలని పొగాకు, నిలవని పన్ను

పద్మనాభానికి పైవరస ముందు పన్ను ఊడింది పల్లీ చిక్కీ కొరికితే. ఊళ్లో ఆయన చెప్పుకునేది అదీ. ఇరవై ఏళ్ల సిగరెట్లు చిగుళ్లని గుల్ల చేసి పెట్టగా, పాపం మాత్రం చిక్కీ నెత్తిన పడింది.

ఊడింది ఏ మూలపన్నో అయితే ప్లేనో ఊళ్లో ఎవరూ గమనించేవాళ్లు కాదు. నట్టనడిమి పన్ను. నోరు తెరిస్తే తలుపు ఎత్తి మరిచిపోయిన గరాజ్‌లా ఉండేది. ఆఫీసు మీటింగుల్లో కెమెరా ఆపుకుని "మా ఇంట్లో నెట్‌వర్క్ బాగాలేదు" అనేవాడు. ఆయన పనిచేసేదే నెట్‌వర్క్ టీమ్‌లో. మేనేజరు రెండుసార్లు నవ్వి ఊరుకుంది, మూడోసారి నవ్వలేదు.

ఇంప్లాంట్ పెట్టించుకుందామని వెళ్తే అక్కడి డాక్టరు అనుష్క. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. ఒకప్పుడు పద్మనాభం కూతురు వేదకి కూచిపూడి క్లాసులో సీనియర్. అందుకని పేషెంటుని కూడా అంకుల్ అనే అంటుంది. అంకుల్ అన్నాక అబద్ధం చెప్పడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

"అంకుల్, ఇక్కడ బోన్ చాలా తక్కువ ఉంది. నేను గ్రాఫ్ట్ వేస్తాను. అది హీల్ అయ్యాక స్క్రూ పెడతాను. కానీ నో నికోటిన్. నికోటిన్ ఉంటే బోన్ సరిగ్గా పట్టుకోదు."

"కొంచెం కూడానా అమ్మా?"

"కొంచెం కూడా. స్క్రూ పెట్టే రోజు టెస్ట్ చేస్తాను. పాజిటివ్ వస్తే పెట్టను. సారీ, అంకుల్."

"పెట్టకపోతే?"

అనుష్క చిన్న డబ్బా తెరిచి చూపించింది. అందులో గులాబీరంగు ప్లాస్టిక్ ముక్కకి అతికించిన ఒంటిపన్ను. పొద్దున పెట్టుకుని, రాత్రి తీసి గ్లాసులో వేసుకునేది. "గ్రాఫ్ట్ హీల్ అయ్యేదాకా ఇది పెట్టుకోండి. స్క్రూ పెట్టకపోతే ఎప్పటికీ ఇదే."

పద్మనాభం ఆ డబ్బాలోకి చూశాడు. నలభై ఆరేళ్లకే తన భవిష్యత్తంతా గ్లాసులో నానుతూ కనిపించింది.

పక్కన కూర్చున్నది ఆయన భార్య గీతాంజలి. ఆవిడ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. ఉద్యోగం చేయనివ్వని హెచ్-ఫోర్ వీసా పుణ్యమా అని పదేళ్లపాటు ఆ చదువంతా పోపులడబ్బా మీదా మొగుడి మీదా ప్రయోగించింది. గ్రీన్ కార్డు వచ్చాక పోపులడబ్బాని కాస్త వదిలిపెట్టింది.

లిఫ్ట్ దిగాక అడిగింది. "మానేస్తారా?"

"మానేశాను."

"ఎప్పుడు?"

"ఇప్పుడే, పైనుంచి కిందికి వచ్చేలోపు."

నిజంగానే ఆ రోజు జేబులోని పెట్టెని పార్కింగ్ లాట్‌లో చెత్తడబ్బాలో పడేశాడు. కారెక్కేముందు దాన్ని ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. పెళ్లయి అత్తారింటికి వెళ్లే ఆడపిల్ల కూడా అంతలా చూడదు.

అయిదో రోజు పెన్ను మూత నోట్లో పెట్టుకుని పీల్చాడు. ఆరో రోజు రోబో వ్యాక్యూమ్ కాలికి తగిలిందని దాన్ని పట్టుకుని "నువ్వు కూడానా?" అని అరిచాడు. ఏడో రోజు తిరుపతయ్యకి ఫోన్ చేశాడు.

తిరుపతయ్య పాత కొలీగు. ఆఫీసు పనిమీద టోక్యోకీ ప్లేనోకీ మధ్య తిరుగుతూ ఉంటాడు కాబట్టి డ్యూటీ ఫ్రీ తిరుపతయ్య అని పేరు. వస్తూ వస్తూ పెన్ను లాంటి పరికరం ఒకటీ, పొట్టి పొగాకు పుల్లల పెట్టెలు కొన్నీ తెచ్చాడు.

"ఇందులో పుల్ల పెట్టాలి, బటన్ నొక్కాలి. పొగాకు కాలదు, వేడెక్కుతుందంతే. నిప్పు లేదు, బూడిద లేదు, పొగ లేదు. ఆవిరి."

"మరి ఆ అమ్మాయి నికోటిన్ వద్దందిరా!"

"ఒరే, ఇడ్లీ ఆవిరి మీద ఉడుకుతుంది. గారె నూనెలో వేగుతుంది. డాక్టర్లు గారె వద్దంటారు గానీ ఇడ్లీ వద్దంటారా?"

మినప్పప్పు రెండింట్లోనూ ఉంటుందన్న సంగతి పద్మనాభానికి తట్టలేదు. తట్టినా ఆ క్షణంలో అవతలికి నెట్టేసేవాడు.

"మరి టెస్టో?"

"తాగి నడిపేవాళ్ల చేత పోలీసులు గొట్టంలోకి ఊదిస్తారే, అలాంటిదే అయ్యుంటుంది. నువ్వు పొగే పీల్చకపోతే దానికేం దొరుకుతుంది?"

ఇద్దరూ ఇంజనీర్లు. ఇద్దరికీ ఆ మాట శాస్త్రీయంగానే అనిపించింది.

ఆ సాయంత్రం పద్మనాభం గరాజ్‌లో, రెండో ఫ్రిజ్ వెనకాల నిలబడి మొదటి పుల్ల పీల్చాడు. ప్రాణం లేచొచ్చింది. కళ్లు మూసుకుని మనసులోనే జపాన్ దేశానికి దండం పెట్టాడు.

పొగ లేకపోయినా వాసన మాత్రం ఉంది. వేయించిన మొక్కజొన్న వాసన.

వేదకి పదమూడేళ్లు. ముక్కు ఎయిర్‌పోర్ట్ కుక్కది. "నాన్నా, నువ్వు మూవీ థియేటర్ లాగా స్మెల్ వస్తున్నావ్."

"మొక్కజొన్న పొత్తు కాల్చుకు తిన్నానమ్మా."

గీతాంజలి చెత్తబుట్ట మూత ఎత్తి చూసింది. "ఆకులేవండీ?"

"ఏ ఆకులు?"

"పొత్తు ఆకులు. పీచు. మధ్యలో బెండు."

"తిన్నాను."

"ఆకులు కూడానా?"

"ఫైబర్ గీతా. ఈ వయసులో అవసరం."

గీతాంజలి ఆయన్ని తలనుంచి కాళ్లదాకా ఒకసారి చూసి "మంచిదే" అంది. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆ మాట తరవాత మంచి జరిగిన సందర్భం ఒక్కటీ లేదు. అయినా ఆ పూటకి గండం గట్టెక్కిందని పద్మనాభం మురిసిపోయాడు.

మర్నాడు సాక్ష్యాధారాల కోసం డజను పొత్తులు కొనుక్కొచ్చాడు. చేపల వేపుడు కంపు ఇల్లంతా పట్టకుండా తెలుగువాళ్లందరూ గరాజ్‌లో పెట్టుకునే రెండో స్టవ్ వాళ్లకీ ఉంది. దాని మీద పొత్తు ఒకటి కాలుతూ ఉంటే, పక్కన తను పుల్ల పీల్చేవాడు. రెండు వాసనలూ కలిసిపోయేవి. పథకానికి తిరుగులేదు.

అయితే ఆ పొత్తుల్ని ఎవరో ఒకరు తినాలి. వేద రెండో రోజే చేతులెత్తేసింది. ముందు పన్ను లేనివాడు మొక్కజొన్న పొత్తు తినడమంటే ఏమిటో మీరే ఊహించుకోండి. చాకుతో గింజలు వలుచుకుని, ఒక్కొక్కటే దవడకి తోసుకుని, పశువులా నెమరేసేవాడు.

"మీకు స్టవ్ మీద ఇంత మమకారం ఉందని తెలీక ఇన్నేళ్లూ నేనే కష్టపడ్డాను" అంది గీతాంజలి. "ఎలాగూ గరాజ్‌లోనే ఉంటున్నారుగా, ఈ చేపలు వేయించేయండి."

కాదంటే గరాజ్‌లో పనేమిటని అడుగుతుంది. వేయించాడు. తరవాత వంకాయలు కాల్చాడు. వడియాలు వేయించాడు. కారప్పొడికి కిలో ఎండుమిరపకాయలు వేయించి, దగ్గి దగ్గి గోడకి ఆనుకుని కూలబడ్డాడు. ఇంటికి వచ్చిన ఆడవాళ్లందరూ "పద్మనాభం గారు ఎంత సాయం చేస్తారో!" అని తమ తమ మొగుళ్లకి చెప్పారు. ఆ మొగుళ్లు పద్మనాభానికి ఫోన్ చేసి తిట్టారు.

ఇదంతా ఓర్చుకునేవాడే, పుల్ల పనిచేస్తే.

పనిచేయడం మానేసింది. మొదట్లో ఒక్కటి పీలిస్తే దిగే బరువు ఇప్పుడు మూడు పీల్చినా దిగడం లేదు. రాత్రి నిద్ర లేదు. పగలు మెలకువ లేదు. కార్ ఇన్సూరెన్స్ ప్రకటనలో ముసలాయన కుక్కని నిమురుతుంటే పద్మనాభానికి ఏడుపొచ్చింది. వేద చూసి భయపడి, "అమ్మా, నాన్న ఈజ్ బ్రోకెన్" అని లోపలికి పరిగెత్తింది.

తిరుపతయ్యకి ఫోన్ చేశాడు. "ఒరే, నికోటిన్ అందడం లేదురా."

"నాకూ అంతే. నేనూ చదివాను. సిగరెట్ అంటే ఎక్స్‌ప్రెస్ డెలివరీ. పీల్చీ పీల్చగానే నెత్తికెక్కుతుంది. దీంట్లో కాస్త తక్కువ, కాస్త ఆలస్యం. స్టాండర్డ్ షిప్పింగ్ అనుకో. వస్తుంది, ఓపిక పట్టు."

"ఎప్పుడొస్తుంది?"

"ఇంకో రెండు పీల్చు."

పీల్చాడు. పొద్దున్నే రెండు, మీటింగ్ మీటింగ్‌కీ ఒకటి, చేపల ముందు ఒకటి, చేపల తరవాత ఒకటి. గుమ్మం దగ్గర పార్సిల్ కోసం ఎదురుచూసే మనిషిలా, పీల్చిన ప్రతిసారీ ఒళ్లంతా చెవులు చేసుకుని ఎదురుచూశాడు. ఎవరూ తలుపు తట్టలేదు.

ఒకరోజు ఇంక ఉండబట్టలేక గ్యాస్ స్టేషన్ దాకా వెళ్లాడు అసలు సిగరెట్టే కొందామని. కౌంటర్లో ఉన్నావిడ గీతాంజలితో పాటు యోగాకి వచ్చే ఉమ. "ఏం కావాలి అన్నయ్యగారూ?" అంది. చూయింగ్ గమ్ కొనుక్కుని వచ్చేశాడు. కార్లో కూర్చుని అది నమిలితే ప్లాస్టిక్ పన్నుకి అంటుకుని రెండూ కలిసి బయటికొచ్చాయి.

ఆ ఆదివారం ఇంట్లో పాట్‌లక్, అంటే తలా ఒక వంటకం చేసుకొచ్చే విందు. మొక్కజొన్న గారెల బాధ్యత, చెప్పక్కర్లేదు, పద్మనాభానిదే. మూకుడులో ఒక వాయి వేగుతోంది. గిన్నెలో పిండి సిద్ధంగా ఉంది. చుట్టూ ఎవరూ లేరు. ఒక్క పుల్ల వెలిగించి... వెలిగించడం కాదు, వేడెక్కించి నోట్లో పెట్టుకున్నాడో లేదో, ఇంట్లోంచి గరాజ్ తలుపు తెరుచుకుంది.

"రండి వసంతా, మావారి వంటశాల చూద్దురుగాని!" అంటూ గీతాంజలి. వెనకాల తిరుపతయ్య భార్య వసంతలక్ష్మి. ఆవిడ వెనకాల మరో అరడజను పట్టుచీరలు.

పద్మనాభం పుల్ల లాగేశాడు. ఎండిన పెదవికి అంటుకుపోయిన పుల్లతోపాటు ప్లాస్టిక్ పన్ను కూడా ఊడొచ్చి గాల్లో పల్టీ కొట్టింది. పరికరం జేబులోకి వెళ్లింది. పన్ను ఎటు వెళ్లిందో తెలీలేదు.

"ఏమండీ, మీ పన్నేదీ?"

"ఫడిఫోయింది" అన్నాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"ఎక్కడ?"

ఆయన పిండిగిన్నె వైపు చూశాడు. తరవాత మూకుడు వైపు చూశాడు. తరవాత, అప్పటికే లోపలికి వెళ్లిపోయిన మొదటి వాయి గారెల గురించి ఆలోచించాడు. అవి అంతకుముందే వెళ్లాయి కాబట్టి పన్ను అందులో ఉండే అవకాశం లేదు. కానీ ఈ తర్కం వివరించి చెప్పడానికి ఆయనకి పన్ను లేదు.

"ఎవరూ గారెలు కొరక్కండి!" అని వసంతలక్ష్మి లోపలికి పరిగెత్తింది. అప్పటిదాకా పదిమందికే తెలిసిన సంగతి పాతికమందికి తెలిసింది. ఒకాయన నోట్లో ఉన్నది టిష్యూలోకి తీసి పరిశీలించాడు. మరొకాయన తన పళ్లే లెక్కపెట్టుకున్నాడు. గారెలన్నీ చిదిపి చూశారు. పిండిని జల్లెడ పట్టారు. ఎక్కడా లేదు. చివరికి వేద వంగి, "ఇట్స్ ఇన్ యువర్ పాకెట్, నాన్నా" అంది. చొక్కా జేబు అంచుకి వేలాడుతోంది పన్ను, లోపల ఉన్న పరికరాన్ని చూపిస్తున్నట్టుగా.

గీతాంజలి దాన్ని తీసి, కడిగి, ఆయన చేతిలో పెట్టింది. జేబు వైపు చూడలేదు. పన్ను ఎందుకు ఊడిందని అడగలేదు. "ఈసారి పిండిలో ఇంకాస్త అల్లం వేయండి" అని మాత్రం అంది.

ఆ రోజంతా పద్మనాభం జేబు మీంచి చెయ్యి తీయలేదు. ఆవిడ అరిచి ఉంటే ఎంతో బాగుండేది.

ముందే వేసిన గ్రాఫ్ట్ కుదురుకుని, స్క్రూ వేసే వారం వచ్చింది. క్లినిక్ నుంచి మెసేజ్ వచ్చింది. పరీక్ష గొట్టంలోకి ఊదేది కాదట. నోట్లో దూది పెట్టి లాలాజలం తీస్తారట. పొగ గానీ, ఆవిరి గానీ, గమ్ గానీ, ప్యాచ్ గానీ, నికోటిన్ ఏ దారిన ఒంట్లోకి వెళ్లినా దాని ఆనవాలు అందులో తేలుతుందట.

పద్మనాభం ఆ మెసేజ్ గరాజ్‌లో చదివాడు. చేతిలో ఉన్న పుల్ల ఇంకా వేడిగానే ఉంది.

"ఒరే తిరుపతీ, ఇడ్లీ కూడా దొరికిపోతుందిరా!"

"మజ్జిగ తాగు" అన్నాడు తిరుపతయ్య. "బాగా తాగు. కడిగేస్తుంది."

మజ్జిగ తాగాడు. మెంతినీళ్లు తాగాడు. ఇంక పుల్ల ముట్టనని వేద స్కూలు ఫోటో ముందు నిలబడి ఒట్టు పెట్టుకున్నాడు. సాయంత్రానికి ఫోటో గోడవైపు తిప్పి ఒకటి పీల్చాడు. తన మీద తనకే అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు. వాళ్ల నాన్న చుట్టలు కాల్చి యాభై నిండకుండానే నోరంతా బోసి చేసుకున్నాడు. నవ్వినప్పుడల్లా కండువా అడ్డం పెట్టుకునేవాడు. ఆ కండువా వెనకాల ఉన్నది సిగ్గని పద్మనాభానికి ఇప్పుడు తెలిసింది. పీల్చితే హాయి ఉండదు, మానితే బతుకుండదు. సుఖం కూడా లేని పాపానికి ఇంత భక్తి ఏమిటో అర్థం కాలేదు. మిరపకాయలు వేయించకుండానే కళ్లు మండాయి.

స్క్రూ పెట్టే రోజున అనుష్క దూదిపుల్ల నోట్లో పెట్టి, తీసి, చిన్న ప్లాస్టిక్ బిళ్లమీద రాసింది. "కొన్ని మినిట్స్ పడుతుంది, అంకుల్."

గీతాంజలి పక్క కుర్చీలో చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ముఖంలో ఏ భావమూ లేదు. పద్మనాభం ఆ బిళ్ల వైపు చూడలేకపోయాడు. పన్ను ఎలాగూ పోయింది. ఆ బిళ్ల తేల్చాక గీత తెలుసుకోవడం కంటే, తను చెప్పాక తెలుసుకోవడం నయం.

"అమ్మా అనుష్కా, ఆ టెస్ట్ ఆపెయ్యి. నేనే చెప్తాను. గీతా, నేను మానలేదు. సిగరెట్ మానాను గానీ, వేడిచేసే పొగాకు... అదొకటుంది. రోజూ పీల్చాను. నిన్న కూడా. పొద్దున కూడా. మొక్కజొన్న నాకిష్టం లేదు. నా జీవితంలో ఇంక మొక్కజొన్న మొహం చూడను. నా వల్ల కాలేదు గీతా."

అనుష్క ఆయన్ని చూసింది. బిళ్లని చూసింది. మళ్లీ ఆయన్ని చూసింది.

"బట్, అంకుల్... ఇది నెగటివ్."

"మళ్లీ చూడమ్మా."

"నెగటివే. మీ సిస్టమ్‌లో నికోటిన్ లేదు. చాలా రోజులుగా లేదు."

"అసంభవం! రోజుకి పాతిక పీల్చాను!" నేరం ఒప్పుకున్నవాడిని కోర్టు నమ్మకపోతే వచ్చే కోపం వచ్చింది పద్మనాభానికి. "మీ బిళ్ల పాడైంది!"

"బిళ్ల బాగానే ఉంది" అంది గీతాంజలి. "మీరు పీల్చినవి తేయాకు."

పద్మనాభం కుర్చీలోంచి సగం లేచాడు.

"తే...యాకు?"

"అచ్చం అలాంటి పుల్లలే, లోపల పొగాకు బదులు తేయాకు పొడి. నికోటిన్ ఉండదు. ఆన్‌లైన్‌లో అమ్ముతారు. మీ పెట్టెల్లోవి తీసి పారేసి, ఇవి సర్దుతూ వచ్చాను."

"ఎప్పటినుంచి?"

"మీరు పొత్తు ఆకులు తిన్న మర్నాటి నుంచి."

పద్మనాభం కుర్చీలో వెనక్కి వాలాడు. నిద్రలేని రాత్రులు, కుక్క కోసం పెట్టుకున్న కన్నీళ్లు, ఎదురుచూసి ఎదురుచూసి అలిసిపోయిన డెలివరీ... అవతల పంపించినవాడే లేడన్నమాట.

"ముందే చెప్పొచ్చుగా!"

"చెప్తే గ్యాస్ స్టేషన్‌కి వెళ్లేవారు. వెళ్లారుగా ఒకసారి, ఉమ చెప్పింది."

"అయితే..." ఆయన ముఖంలో చిన్న వెలుగు. "అయితే నేను సిగరెట్లు మానేశానన్నమాట!"

"మీరు మానలేదు. మీచేత మానిపించాను" అంది గీతాంజలి. "అనూ, నువ్వు స్క్రూ పెట్టమ్మా."

మత్తు సూది దిగుతుండగా పద్మనాభం నిస్పృహగా లెక్కవేసుకున్నాడు. బతుకంతా మానలేననుకున్నది మానేశాడు. ఎవరికైనా చెప్పుకుందామంటే, మానిన రోజున తను ఏం చేస్తున్నాడో కూడా చెప్పాలి. ఫ్రిజ్ వెనకాల దాక్కుని టీ పీలుస్తున్నాడు.

కారెక్కాక అడిగాడు, దూది కుక్కిన నోటితో. "తిరుఫతయ్యకీ హందడం లేదన్నాడు..."

"అందదు. పుల్లలు నేనూ వసంతా కలిపే ఆర్డర్ పెట్టాం. ఆవిడ ఇంకా ఆయనకి చెప్పలేదు. మీరు చెప్పారో, మీ గారెల వీడియో మీ ఆఫీసు గ్రూపులో ఉంటుంది."

వీడియో తీసిందెవరని ఆయన అడగలేదు.

రెండు రోజుల తరవాత తిరుపతయ్య పరామర్శకి వచ్చాడు. టెస్టు గట్టెక్కించింది మజ్జిగేనని అతని నమ్మకం. అలవాటుగా ఇద్దరూ గరాజ్‌లో నిలబడ్డారు. తిరుపతయ్య కళ్ల కింద నల్లటి సంచులు, గడ్డం మాసి ఉంది. పుల్ల వేడెక్కించి, గుండెలనిండా పీల్చి, కళ్లు మూసుకుని ఆగాడు. ఎదురుచూశాడు.

"వచ్చేస్తోందిరా" అన్నాడు చివరికి. "ఇవాళ కాస్త తెలుస్తోంది."

పద్మనాభం ఆ ముఖం వైపు చూశాడు. మొన్నటిదాకా తను అద్దంలో చూసిన ముఖమే అది. ఆ నమ్మకం చూడలేక, నోరు తెరవబోయాడు.

తలుపు సందులోంచి గీతాంజలి తల కనిపించింది. "అన్నయ్యగారూ, టీ తాగుతారా?"

"వద్దమ్మా" అన్నాడు తిరుపతయ్య, ముక్కుల్లోంచి ఆవిరి వదులుతూ. "బొత్తిగా నిద్ర పట్టడం లేదని టీ పూర్తిగా మానేశాను."

గీతాంజలి సానుభూతిగా తలూపి, పద్మనాభం వైపు ఒక్క చూపు చూసి, తలుపు వేసుకుంది.

కుట్లు ఆరేదాకా నవ్వొద్దని అనుష్క గట్టిగా చెప్పింది. పద్మనాభం రెండు చేతులతోనూ పెదవులు అదిమి పట్టుకుని, గోడవైపు తిరిగాడు. అతని భుజాలు కదలడం చూసి తిరుపతయ్య దగ్గరికొచ్చి వీపు నిమిరాడు.

"ఏడవకురా" అన్నాడు. "నువ్వూ మానేస్తావులే, ఎప్పుడో ఒకప్పుడు."